భాగం 9: ప్రభుత్వ వ్యయ విధానం – తల్లీబిడ్డల సంక్షేమం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ప్రభుత్వ వ్యయం తల్లీబిడ్డలకు చేరే మార్గాలను గుర్తించగలుగుతారు.
• ఖర్చు పెట్టిన చోటకూ, పెట్టని చోటకూ ఫలితాల్లో తేడాను వివరించగలుగుతారు.
• ఒక పథకాన్ని మొత్తం, సమయం, షరతు అనే మూడు కొలతలతో పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

బడ్జెట్ పత్రాల్లో తల్లీబిడ్డల సంక్షేమం ఒకే పద్దు కింద కనిపించదు. కొంత వైద్య ఆరోగ్య శాఖలో, కొంత స్త్రీ శిశు సంక్షేమ శాఖలో, మరికొంత ఆహార సబ్సిడీలో, తాగునీటి పథకాల్లో ఉంటుంది. కాబట్టి "ఎంత ఖర్చు చేశారు?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. దేనిమీద, ఎప్పుడు, ఎవరికోసం ఖర్చు చేశారని కూడా అడగాలి. గర్భం దాల్చిన నాటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండే వరకు ఉండే సుమారు 1000 రోజుల్లో పోషణ లోపిస్తే, ఆ నష్టాన్ని తరువాత పూడ్చడం చాలా కష్టం. అందుకే ఈ రంగంలో ఆలస్యంగా అందిన రూపాయి విలువ తగ్గిపోతుంది.

9.2 వ్యయం చేరే మూడు మార్గాలు

(అ) సేవలు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అంబులెన్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, టీకాలు.

(ఆ) ఆహారం: సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. దేశమంతటా దీన్ని విస్తరించాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. ఈ పథకం కిందే అంగన్‌వాడీ కేంద్రాలు మొదలయ్యాయి. ఇంటికిచ్చే సరుకులు కుటుంబమంతా పంచుకోవడంతో గర్భిణికి ఆమె వాటా దక్కకపోవచ్చు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు అన్నం, గుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనం కేంద్రంలోనే పెడతారు. అక్కడే తినడం వల్ల ఆ ఆహారం ఆమెకే చేరుతుంది.

(ఇ) నగదు: ఆసుపత్రి కాన్పుకు ప్రోత్సాహకంగా 2005లో జనని సురక్ష యోజన, గర్భిణుల విశ్రాంతికి, పోషణకు 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన అమలులోకి వచ్చాయి.

9.3 ఖర్చు పెట్టిన చోటే ఫలితం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2005–06లో దేశంలో 38.7 శాతం కాన్పులే ఆసుపత్రుల్లో జరిగాయి. 2019–21 నాటికి ఇవి 88.6 శాతానికి చేరాయి. ప్రసూతి మరణాలు ప్రతి లక్ష సజీవ జననాలకు 2004–06లో 254 ఉండగా, 2018–20లో 97కు తగ్గాయి. ఈ మార్పుకు నగదు ప్రోత్సాహకం ఒక్కటే కారణం కాదు. రోడ్లు, అంబులెన్సులు, ఆడపిల్లల చదువు కూడా తోడ్పడ్డాయి. అయినా ప్రభుత్వ వ్యయం కాన్పు దశపై కేంద్రీకృతం కావడం ఇందులో ముఖ్యమైనది.

ఇప్పుడు రక్తహీనత సంగతి చూడండి. గర్భిణుల్లో ఇది 2015–16లో 50.4 శాతం, 2019–21లో 52.2 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం నుంచి 67.1 శాతానికి పెరిగింది. తెలంగాణలో 2018–20లో ప్రసూతి మరణాలు లక్షకు 43 మాత్రమే. అదే రాష్ట్రంలో ఆ వయసు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019–21 సర్వేలో తేలింది. కాన్పు గదిలో తల్లి ప్రాణం నిలిపే వ్యయం వేరు, ఏళ్ల తరబడి పళ్లెంలో పోషకాహారం ఉంచే వ్యయం వేరు. మొదటిది రెండోదాని పని చేయదు.

9.4 మొత్తం, సమయం, షరతు

మొత్తం: అంగన్‌వాడీలో ఒక బిడ్డ అనుబంధ పోషకాహారానికి రోజుకు 8 రూపాయలని 2017లో నిర్ణయించారు. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగాయనుకుందాం. 8 ఏళ్ల తరువాత ఆ 8 రూపాయలతో కొనగలిగేది తొలి ఏడాది దాదాపు 5 రూపాయల 40 పైసలకు వచ్చినంతే. ఎవరూ కోత విధించకుండానే బిడ్డ వాటా తగ్గిపోతుంది. ధరలతో ముడిపెట్టని ప్రతి కేటాయింపుకూ ఈ ప్రమాదం ఉంది.

సమయం: గర్భిణికి డబ్బు అవసరమయ్యేది పని మానాల్సిన చివరి నెలల్లో. మాతృ వందన యోజనలో చివరి విడత బిడ్డ పుట్టి, జనన నమోదు, తొలి దశ టీకాలు పూర్తయ్యాకే వస్తుంది. టీకాలు వేయించడానికి ఇది ప్రోత్సాహం. కానీ కాన్పుకు ముందు విశ్రాంతికి ఆ సొమ్ము ఉపయోగపడదు.

షరతు: జాతీయ ఆహార భద్రతా చట్టం (2013) కొన్ని మినహాయింపులతో ప్రతి గర్భిణికి, బాలింతకు కనీసం 6000 రూపాయలు ఇవ్వాలంది. 2017 నాటి పథకం తొలి కాన్పుకే 5000 రూపాయలు ఇచ్చింది. జనని సురక్ష మొత్తంతో కలిపితే సగటున 6000 అవుతుందన్నది ప్రభుత్వ వివరణ. 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6000 రూపాయలు ఇస్తున్నారు. రెండో బిడ్డ మగపిల్లవాడైతే తల్లికి ఈ పథకం కింద ఏమీ రాదు. ఆమెకు కావలసిన విశ్రాంతి మాత్రం తగ్గదు.

ఒక పోలిక గమనించండి. 2017 సవరణ తరువాత ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద అర్హురాలైన ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల, అంటే 182 రోజుల వేతన సెలవు లభించింది. ఆ ఖర్చు యజమాని భరిస్తాడు. వ్యవసాయ కూలీకి అలాంటి యజమాని లేడు. రోజు కూలి 300 రూపాయలనుకుంటే, 5000 రూపాయలు 17 రోజుల కూలికి కూడా పూర్తిగా సరిపోవు.

9.5 సారాంశం

ప్రభుత్వ వ్యయం తల్లీబిడ్డల జీవితాలను మార్చగలదని ఆసుపత్రి కాన్పుల పెరుగుదల చూపుతుంది. ఆ మార్పు తనంతట తాను పోషణకు విస్తరించదని రక్తహీనత గణాంకాలు చూపుతాయి. కేటాయింపు ధరలతో పాటు పెరగాలి, అవసరమైన నెలల్లో అందాలి, అవసరమున్నవారిని షరతులు బయట ఉంచకూడదు. ఈ మూడింటిలో ఏది లోపించినా బడ్జెట్‌లోని అంకె తల్లి పళ్లెం దాకా చేరదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఇంటికి సరుకులు ఇవ్వడానికీ, కేంద్రంలో భోజనం పెట్టడానికీ తేడా ఏమిటి?
2. కేటాయింపును తగ్గించకుండానే దాని విలువ ఎలా తగ్గుతుంది?
3. మీ ఊరిలో ఒక రోజు కూలి ఎంతో తెలుసుకొని, 5000 రూపాయలు ఎన్ని రోజుల కూలికి సమానమో లెక్కించండి.