ఆసుపత్రులలో పొరుగు సేవల వ్యయం: నిర్వచనం, వర్గీకరణ

కిందటి భాగంలో ఆసుపత్రి జీతాల పద్దును పరిశీలించారు. ఆ పద్దులో కనిపించని మనుషులపై అయ్యే ఖర్చును ఈ భాగంలో తెలుసుకుంటారు. పొద్దున్నే కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే మీకు ముందుగా ఎదురయ్యేది డాక్టరు కాదు. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు, వరండా తుడిచే ఆమె. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రులలో పారిశుద్ధ్యం, భద్రత వంటి పనులను చాలాకాలంగా ఏజెన్సీలకు అప్పగిస్తున్నారు. ఆ ఖర్చు లెక్కల్లో ఉంటుంది, కాని జీతాల కింద ఉండదు.

1. నిర్వచనం

ఆసుపత్రి నడవడానికి కావలసిన సేవను బయటి సంస్థతో ఒప్పందం చేసుకొని, ఆ సంస్థ మనుషులతో చేయించుకొని, అందుకు చెల్లించే మొత్తాన్ని పొరుగు సేవల వ్యయం అంటారు. వాడుకలో ఇదే ఔట్‌సోర్సింగ్ ఖర్చు. ఇందులో రెండు షరతులున్నాయి. కొన్నది సేవ కావాలి, వస్తువు కాదు. పనిచేసిన వ్యక్తి ఆసుపత్రి ఉద్యోగి కాకూడదు.

ఆక్సిజన్ సిలిండర్లు కొంటే అది సరుకుల ఖర్చు. ఆక్సిజన్ పైపులైను నిర్వహణకు బయటి సంస్థకు ఏటా కట్టేది పొరుగు సేవ. ప్రభుత్వం నేరుగా నియమించుకున్న కాంట్రాక్టు నర్సు జీతం ఇందులోకి రాదు. ఏజెన్సీ పంపిన వార్డు బాయ్ వేతనం వస్తుంది. మీ వీధిలో 'కాంట్రాక్టు' ఉద్యోగి, 'ఔట్‌సోర్సింగ్' ఉద్యోగి ఇద్దరూ ఉంటే, ఈ తేడా ఎంత పెద్దదో వారే మీకు బాగా చెప్పగలరు.

నిర్వచనం తడబడే చోటు ఒకటుంది. 2020 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే కార్పొరేషన్‌ను ప్రారంభించింది. మధ్యవర్తుల కమీషన్ లేకుండా వేతనం అందాలన్నది ఉద్దేశం. అలా వచ్చిన ఉద్యోగిపై ఖర్చు జీతమా, పొరుగు సేవా? కార్పొరేషన్ ప్రభుత్వానిదే అయినా ఆ ఉద్యోగి ఆసుపత్రి సిబ్బంది పట్టికలో లేడు కనుక పొరుగు సేవగానే చూపాలని ఈ రచయిత అభిప్రాయం. అయితే ప్రైవేటు ఏజెన్సీ బిల్లుతో కలపకుండా వేరే వరుసలో చూపాలి.

2. వర్గీకరణ

డయాలసిస్, ల్యాబ్, స్కానింగ్ వంటివి వైద్య సేవలు. పారిశుద్ధ్యం, భద్రత, బట్టల ఉతుకుడు, రోగుల భోజనం వైద్యేతర సేవలు. పరీక్షలో ఈ విభజన అడుగుతారు, రాయండి. కాని ఆసుపత్రి నడిపేవారికి అంతకంటె ఉపయోగపడే ప్రశ్న మరొకటి: దేని లెక్కన చెల్లిస్తున్నాం?

డయాలసిస్‌కు సాధారణంగా ఒక్కో విడతకు ఇంత అని చెల్లిస్తారు. భోజనానికి రోగికి, రోజుకు ఇంత. జీవవైద్య వ్యర్థాలను తీసుకెళ్లే సంస్థకు చాలాచోట్ల పడకకు ఇంత. 2016 నిబంధనల ప్రకారం శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు కనుక రోగులు తగ్గినా ఈ సేవను ఆపలేం. సెక్యూరిటీకి మనిషికి ఇంత. మొదటి రెండూ రోగుల సంఖ్యతో పెరిగి తగ్గుతాయి. చివరి రెండూ వార్డు ఖాళీగా ఉన్నా కదలవు. అన్నిటినీ 'ఇతర ఖర్చులు' అని ఒకే వరుసలో పడేస్తే, ఖర్చు ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

3. బిల్లు లోపల ఏముంది?

దానవాయిపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉందనుకుందాం. పారిశుద్ధ్య ఏజెన్సీ నెల బిల్లులో వేతనాలు 2,00,000 రూపాయలు, యజమాని వాటాగా భవిష్యనిధికి 12 శాతం, 24,000, ఈఎస్‌ఐకి 3.25 శాతం, 6,500. ఫినాయిల్, చీపుళ్లు 30,000. ఏజెన్సీ రుసుము 19,500. మొత్తం 2,80,000. దానిపై 18 శాతం జీఎస్టీ 50,400 కలిపితే 3,30,400. (లెక్క తేలికగా ఉండేందుకు చిన్న ఛార్జీలు వదిలేశాం.)

వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక, ఆసుపత్రి తాను కట్టిన ఈ పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోలేదు. అది పూర్తిగా ఖర్చే. నూరు రూపాయల బిల్లులో వేతనానికి చేరేది దాదాపు 60 రూపాయలని కూడా గమనించండి.

ఈ రచయిత ఒకచోట చూసిన బిల్లులో 'పారిశుద్ధ్యం' అన్న ఒక్క మాట, ఒక్క అంకె ఉన్నాయి. భవిష్యనిధి కట్టారా లేదా అని అడిగితే అకౌంటెంటు దగ్గర జవాబు లేదు. ఇది చిన్న విషయం కాదు. కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే చెల్లించాల్సిన బాధ్యత చట్టప్రకారం ప్రధాన యజమానిపై, అంటే ఆసుపత్రిపై, ఉంటుంది. బిల్లును విడదీసి రాయించుకుంటేనే ఆ ముప్పు ముందుగా కనబడుతుంది.

4. పోల్చేటప్పుడు

ల్యాబును బయటి సంస్థకు ఇచ్చిన ఆసుపత్రిలో టెక్నీషియన్ల జీతాలు, రసాయనాల కొనుగోలు రెండూ తగ్గి, సేవల పద్దు పెరుగుతుంది. జీతాల పద్దు ఒక్కటే చూసి ఆ ఆసుపత్రి పొదుపుగా ఉందనడం పొరపాటు. అలాగే ఒక్కసారి వచ్చే ఖర్చును వేరు చేయాలి. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగాయి. మళ్లీ 2027లో వస్తాయి. ఆ పన్నెండు రోజుల కోసం అదనంగా తీసుకునే పారిశుద్ధ్య సిబ్బంది ఖర్చును మామూలు నెలల సగటులో కలిపితే మరుసటి ఏడాది అంచనా తప్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీకు దగ్గరలోని ఆసుపత్రిలో బయటివారు చేస్తున్న నాలుగు పనులు గుర్తించండి. ఒక్కోదానికి దేని లెక్కన చెల్లిస్తూ ఉండవచ్చో, రోగులు సగానికి తగ్గితే అందులో ఏవి తగ్గుతాయో రాయండి.