నీళ్లు తాకకుండానే ఖాళీ అయిన లోయ

అమెరికాలోని నార్త్ కరోలినాలో, స్మోకీ కొండల దక్షిణపు వాలులో హేజెల్ క్రీక్ అనే వాగు పారుతుంది. 1910 ప్రాంతంలో రిట్టర్ కలప కంపెనీ దిగడంతో ఆ ఒడ్డున ప్రోక్టర్ ఊరు పెద్దదైంది. 1944లో ఫాంటానా డ్యామ్ వెనక నీళ్లు నిలిచేనాటికి లోయ మొత్తం ఖాళీ. జలాశయం ముంచేసిందని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. పాత స్థలాకృతి పటాలు ముందేసుకుంటే అది సగం నిజమేనని తెలుస్తుంది.

ఈ పటాలకు ఆయువుపట్టు గోధుమరంగు కాంటూరు రేఖలు. ఒకే ఎత్తున్న చోట్లన్నిటినీ కలుపుతూ పోతాయవి. దగ్గరగా ఉంటే నిటారు కొండ, ఎడంగా ఉంటే చదును నేల. నిండినప్పుడు ఫాంటానా నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 1,700 అడుగులు. ఆ రేఖ వెంటే వేలు పోనిస్తే ముంపు ఎక్కడిదాకానో తేలిపోతుంది. హేజెల్ క్రీక్ దిగువ కొస మునుగుతుంది. వాగు వెంట పైకి పోయేకొద్దీ నేల ఆ ఎత్తు దాటేస్తుంది. ఎగువన ఇళ్లను చూపే చిన్న నల్ల చతురస్రాలు నీటికి పైనే ఉంటాయి. మరి ఆ ఇళ్లవాళ్లెందుకు కదిలారు? డ్యామ్ కట్టిన నది ఉత్తరపు ఒడ్డు వెంట బ్రైసన్ సిటీకి పోయే 288వ నంబరు రోడ్డే అందుకు జవాబు. మునిగింది అది. యుద్ధకాలంలో కొత్త రోడ్డు కుదరదన్నారు. తర్వాత వేస్తామని 1943 ఒప్పందంలో రాసుకుని, దాదాపు 44,000 ఎకరాలు నేషనల్ పార్కులో కలిపేశారు. కొన్ని మైళ్లు వేసిన రోడ్డు ఒక సొరంగం దాటగానే ఆగిపోయింది. చివరికి 2010లో రోడ్డుకు బదులు అక్కడి కౌంటీకి 5.2 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

పాత పటాలను అంతగా నమ్మొచ్చా అని అడగొచ్చు. 19వ శతాబ్దం చివర అమెరికా జియలాజికల్ సర్వే గీసినవాటిలో అంగుళానికి సుమారు రెండు మైళ్లు, రేఖకూ రేఖకూ వంద అడుగులు. కొండల మీద బల్ల నిలబెట్టి, దూరం నుంచి చూసి గీసిన వంపులే ఎక్కువ. వాటితో ఒక ఇంటి ముంపు తేల్చబోతే నవ్వులపాలవుతాం. 1930లు, 40లలో ఆ సర్వే, డ్యామ్ కట్టిన టెన్నెసీ వ్యాలీ అథారిటీతో కలిసి గీసినవి వేరు: అంగుళానికి రెండు వేల అడుగులే. పైగా కొండ యాభై ఏళ్లలో ఎత్తు మార్చుకోదు. రెండు పటాల్లో కొండ రెండు రకాలుగా ఉంటే తప్పు సర్వేయరుది. పటం తర్వాత పటంలో కనిపించిన రోడ్డు హఠాత్తుగా లేకుండా పోతే అది మనుషుల పని.

రిట్టర్ 1928లోనే వెళ్లిపోయింది, ఊరు అప్పుడే పలచబడిందన్న వాదనలో బలముంది. కానీ పలచబడటం వేరు, చిట్టచివరి కుటుంబం కూడా కదలాల్సిరావడం వేరు. నేటి పటంలో ఆ లోయలో శ్మశానాల గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా భాగం పొడినేల మీదే. అయినా అక్కడి పూర్వీకుల సమాధులు చూడటానికి వారసులు సాధారణంగా జలాశయాన్ని పడవలో దాటుతారు.