సిలోయము సొరంగపు శాసనము

హెబ్రీయుల గ్రంథములోని రాజుల కథలకు ఆ దేశపు నేలలో సాక్ష్యము కలదా యని కొందరు నన్నడిగిరి. నే నొక్క సాక్ష్యమునే మీ ముందుంచెదను.

హిజ్కియా రాజు కొలను త్రవ్వించి, కాలువ వేయించి, యెరూషలేము పట్టణములోనికి నీరు తెచ్చెనని రాజుల రెండవ గ్రంథము చెప్పుచున్నది. గీహోను ఊటనుండి సిలోయము కోనేటికి కొండను తొలిచిన సొరంగ మొకటి నేటికిని కలదు. పొడవు సుమారు 533 మీటర్లు. 1880లో ఒక బాలుడు దాని గోడపై ప్రాచీన హెబ్రీ లిపిలో ఆరు పంక్తుల శాసనమును చూచెను. రెండు జట్లు రెండు కొనలనుండి తొలుచుచు వచ్చినవట. ఇంక మూడు మూరల రాయి మిగిలియుండగా ఆవలివాని కేక యీవలివానికి వినవచ్చెనట. పిదప గునపము గునపమునకు తగిలి నీరు పారెనట. బావులు త్రవ్వించిన మీకు ఆ కేక యెట్టిదో నేను చెప్పవలెనా?

అయితే ఆ శాసనమున రాజు పేరు లేదు! మన శాసనములలో బిరుదావళియే ముందు నడచును గదా. ఇందు పనివారు తప్ప మరెవ్వరును లేరు. కావున ఇది హిజ్కియా త్రవ్వించినదే యని యీ రాయి చెప్పదు. సొరంగపు గచ్చులో చిక్కిన మొక్కల శకలములను పరీక్షించి, అది క్రీ.పూ. 700 ప్రాంతపుదని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాలము సరిపోయినది, పేరు మాత్రము శత్రువుల యింట దొరకినది. క్రీ.పూ. 701లో దండెత్తిన అష్షూరు రాజు సన్హెరీబు, హిజ్కియాను పంజరములోని పక్షివలె నిర్బంధించితినని వ్రాయించుకొనెను. పట్టణమును పట్టుకొంటినని మాత్రము వ్రాయించుకొనలేదు.