గొంతు కొలత స్కాన్‌లో ఉంది

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం రోగి మంచం దగ్గరికి వెళ్లి నేను మొదట అడిగేది ఒకటే. "నోరు బాగా తెరిచి నాలుక బయటికి చాపండి. 'ఆ' అనొద్దు, ఊరికే చాపండి చాలు." ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో నా చేత మత్తు తీసుకున్న పెద్దవాళ్లంతా ఈ మాట విన్నవాళ్లే. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషనైతే గొంతులోకి చూడటం ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఈ పరీక్షను ప్రపంచానికి ఇచ్చింది మన తెలుగు మత్తు డాక్టరే. పేరు మల్లంపాటి శేషగిరిరావు. గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో పనిచేశారు. నోరు తెరిచినప్పుడు నాలుక మొదలు ఎంత లావుంటే కొండనాలుక, దాని పక్క స్తంభాలు అంతగా మరుగున పడతాయి. అలాంటివారికి గొంతులో ట్యూబు వేయడం కష్టమవుతుందని 1983లో ఒక ఉత్తరంగా రాశారు. 1985లో 210 మంది మీద పరీక్షించి నిరూపించారు. ఆయన చెప్పిన మూడు తరగతులకు 1987లో సంసూన్, యంగ్ అనే ఇద్దరు డాక్టర్లు నాలుగోది చేర్చారు. ఈరోజు ఏ దేశంలోనైనా మత్తు డాక్టరు రాసే కాగితం మీద మల్లంపాటి అన్న ఇంటిపేరు, పక్కన ఒక అంకె ఉంటాయి. వల్లూరు బడిలో చదివి ఈ వృత్తిలోకి వచ్చిన నాకు ఆ పేరు రాసిన ప్రతిసారీ గర్వంగానే ఉంటుంది.

అయితే టార్చిలైటు వెలుగు కొండనాలుక దాకానే. ఆ వెనక గొంతు కిందికి మలుపు తిరుగుతుంది. మాకు పని ఉండేది ఆ మలుపు అవతల. ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పలేమని తర్వాతి అధ్యయనాలూ తేల్చాయి. మలుపు అవతల ఏముందో కచ్చితంగా చెప్పగలిగేది సీటీ, ఎమ్మారై స్కాన్లు. వాటిలోని కొలతలు పట్టుకుని గొంతులో వేసే పరికరాలను ఎలా మెరుగుపరుస్తున్నారో, మన దగ్గర ఇంకా ఏం జరగాలో చెప్పాలని ఈ వ్యాసం.

మత్తు పూర్తిగా ఎక్కిన మనిషికి గొంతు కండరాలు సడలిపోతాయి. నాలుక వెనక్కి పడి ఊపిరి దారి మూసుకుంటుంది. ముందే ఆక్సిజన్ పీల్పించి ఉంచినా మాకు దొరికేది కొన్ని నిమిషాలే. ఆ లోపల దారి నిలబెట్టాలి. దానికి ముఖ్యంగా రెండు సాధనాలు. ఒకటి స్వరతంతుల మధ్య నుంచి గాలిగొట్టంలోకి దించే ట్యూబు. రెండోది అంత లోపలికి పోకుండా స్వరపేటిక మీద మూతలా కూర్చునే మాస్కు, మేం ఎల్‌ఎంఏ అంటాం.

ఎల్‌ఎంఏ కనిపెట్టింది ఆర్చీ బ్రెయిన్ అనే బ్రిటిష్ డాక్టరు. 1981లో లండన్‌లో మొదలుపెట్టారు. మృతదేహాల గొంతుల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీసి, ఆ ఆకారం చూసి, పళ్ల డాక్టర్లు వాడే ముక్కు మాస్కు అంచును ఒక ట్యూబుకు అతికించి మొదటి నమూనా తయారుచేసుకున్నారు. 1983లో 23 మంది రోగుల అనుభవంతో వ్యాసం ప్రచురించారు. 1988లో అది బజారులోకి వచ్చింది. అంత పెద్ద మార్పు మా వృత్తిలో అరుదు. దానికి ఆధారం ప్రాణం లేని గొంతుల అచ్చులు.

అచ్చులను నమ్మడం వల్ల పిల్లల విషయంలో ఏం జరిగిందో చూడండి. 1897లో బయో అనే ఫ్రెంచి వైద్యుడు చనిపోయిన పిల్లల స్వరపేటికలకు అచ్చులు తీశారు. ఆ కొలతల ఆధారంగా 1951లో ఎకెన్‌హాఫ్ అనే అమెరికా మత్తు డాక్టరు, పిల్లల గాలిదారి కిందికి పోనుపోను సన్నబడుతుందని, స్వరతంతుల కింద క్రికాయిడ్ అనే మృదులాస్థి ఉంగరం దగ్గర అన్నిటికంటే ఇరుకని రాశారు. మృతదేహాల కొలతలు బతికున్నవారికి సరిపోకపోవచ్చని ఆయనే హెచ్చరించారు కూడా. హెచ్చరిక మరుగున పడింది, బొమ్మ మిగిలింది. మేమంతా పీజీలో చదివింది ఆ బొమ్మే. ఉంగరం గుండ్రంగా ఉంటుంది, ట్యూబూ గుండ్రమే కాబట్టి సరిపోయే ట్యూబు వేస్తే చాలు, చుట్టూ గాలిబుడగ ఉన్న ట్యూబు పిల్లలకు వద్దు అని దశాబ్దాల పాటు పాటించాం.

2003లో అమెరికాలో రొనాల్డ్ లిట్‌మన్ బృందం వేరే కారణాలకు ఎమ్మారై తీయించుకుంటున్న 99 మంది పిల్లల గొంతులను కొలిచింది. మత్తులో, సొంతంగా ఊపిరి తీసుకుంటున్న పిల్లలు వాళ్లు. అడ్డంగా కొలిస్తే ఇరుకు చోటు స్వరతంతుల దగ్గర కనిపించింది. క్రికాయిడ్ దగ్గర దారి గుండ్రంగా లేదు, కోలగా ఉంది. కోలగా ఉన్న దారిలో గుండ్రని ట్యూబు వేస్తే ముందూ వెనకా ఖాళీ ఉండి గాలి లీకవుతుంది. అదే సమయంలో రెండు పక్కలా సున్నితమైన పొర మీద ట్యూబు ఒత్తుతూ ఉంటుంది. గాలి కాస్త లీకవుతోంది కాబట్టి ట్యూబు బిగువుగా లేదని మేం నిశ్చింతగా ఉన్నాం. నా దృష్టిలో ఈ ఒక్క సంగతి చాలు, స్కాన్ కొలత ఎంత విలువైనదో చెప్పడానికి.

తర్వాత పలచని పొరతో, తక్కువ ఒత్తిడితో ఉబ్బే బుడగ ఉన్న చిన్న ట్యూబులు వచ్చాయి. బుడగ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, స్వరతంతుల దగ్గర గీత ఎక్కడ ఉండాలి అన్నవి పిల్లల శరీర కొలతలను బట్టి నిర్ణయించారు. 2009లో జ్యూరిక్ డాక్టరు మార్కస్ వైస్ ఆధ్వర్యంలో ఐరోపాలో ఐదేళ్లలోపు పిల్లలు 2246 మంది మీద పోల్చి చూశారు. బుడగ లేని ట్యూబు సరిపోక ఇంకొకటి మార్చాల్సి వచ్చింది నూటికి సుమారు 31 మందికి. బుడగ ఉన్నదైతే నూటికి ఇద్దరికే. ట్యూబు తీశాక గొంతు వాచి కీచుమనే చప్పుడు వచ్చిన పిల్లలు రెండు వైపులా దాదాపు సమానమే.

స్కాన్‌లో నుంచి గొంతు కొలత ఎలా బయటికి వస్తుంది? మొన్నామధ్య వల్లూరు వైపు నుంచే ఒక పెద్దావిడ థైరాయిడ్ గడ్డ ఆపరేషన్‌కు వచ్చింది. సీటీ ఫిల్మును లైటుకు పెట్టి చూస్తుంటే పక్కన నిలబడి అడిగింది.

"ఈ నల్లగా ఉండేది ఏంది డాక్టరమ్మా? గడ్డేనా?"

"కాదవ్వా, అది నీకు గాలి పోయే గొట్టం. గడ్డ దాన్ని ఇట్లా పక్కకు నెట్టేసింది."

"ఆ సందులోనేనా నేను ఇన్నాళ్లూ ఊపిరి తీసుకుంటాండేది?"

అవ్వ సరిగ్గానే చూసింది. సీటీ బొమ్మలో గాలి నల్లగా పడుతుంది. యంత్రం మెడను ఒక మిల్లీమీటరు, ఇంకా సన్నని పొరలుగా చూపిస్తుంది. ఒక్కో పొర అటు 512, ఇటు 512 చుక్కల బొమ్మ. ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. సీటీ కనిపెట్టి 1979లో నోబెల్ పంచుకున్న హౌన్స్‌ఫీల్డ్ పేరనే ఆ అంకెలను పిలుస్తారు. నీళ్లకు సున్నా, గాలికి మైనస్ 1000. కండ అంకె నీళ్లకు కాస్త పైన ఉంటుంది. పక్కపక్కనున్న రెండు మాంసపు పొరలను విడదీయడం కంప్యూటరుకు కష్టం. గాలికీ మాంసానికీ మధ్య తేడా వెయ్యి ఉంది కాబట్టి ఊపిరి దారిని మాత్రం చాలా తేలికగా విడదీస్తుంది. పొరలన్నీ పేరిస్తే ఆ మనిషి గాలిదారి మొత్తం నిలువెత్తు ఆకారంగా తెర మీద తిరుగుతుంది. ఎక్కడ ఎంత వెడల్పు, ఏ మలుపు ఎన్ని డిగ్రీలు, నాలుక మొదలు నుంచి స్వరపేటికకు ఎంత దూరం అన్నీ కొలవొచ్చు. ఆ ఫైలునే త్రీడీ ప్రింటరుకు ఇస్తే గొంతు నమూనా చేతికి వస్తుంది. దాని మీద పరికరం కూర్చోబెట్టి చూసి, తగలకూడని చోట తగిలితే ఆకారం సవరించి మళ్లీ ముద్రిస్తారు.

అవ్వకు గాలిగొట్టం ఇరుకైన చోట 9 మిల్లీమీటర్లు మిగిలింది. 7 నంబరు ట్యూబు అంటే లోపలి కొలత 7. బయటి కొలత 9 దాటుతుంది, అక్కడ పట్టదు. లోపల తీగచుట్టు ఉండి నలగని 6 నంబరు ట్యూబు తీసిపెట్టుకున్నాను. నల్ల సందు చూసి, స్కేలు పెట్టి కొలిచి తీసుకున్న నిర్ణయం అది. ఆపరేషన్ బాగా జరిగింది.

ఒక మనిషి కోసమే పరికరం చేసిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో ఊపిరితిత్తికి వెళ్లే గొట్టం మెత్తబడి పదేపదే మూసుకుపోతున్న ఒక పసిబిడ్డకు, 2012లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్లెన్ గ్రీన్, స్కాట్ హాలిస్టర్ సీటీ కొలతలతో చిన్న తొడుగును ముద్రించి ఆ గొట్టం చుట్టూ కుట్టారు. కొన్నేళ్లకు ఒంట్లో దానంతటదే కరిగిపోయే పదార్థంతో చేశారు. బిడ్డ బతికాడు.

ఇక రోజూ వాడే మాస్కుల సంగతి. 2007లో బ్రిటన్‌లో ముహమ్మద్ నాసిర్ అనే డాక్టరు రూపొందించిన ఐ-జెల్ వచ్చింది. దీనికి గాలి నింపే బుడగ లేదు. స్వరపేటిక చుట్టూ ఉండే ఎత్తుపల్లాలకు అచ్చంగా సరిపోయేలా మెత్తని జెల్‌తో పోసిన ఆకారం. విడుదలకు ముందు 65 మృతదేహాల్లో కెమెరాతో చూసి ఎలా కూర్చుంటోందో పరిశీలించారు. ఇది మన తాలూకా ఆసుపత్రుల్లోనూ దొరుకుతుంది, నాకు బాగా ఇష్టమైన పరికరం.

ఆ పాకెట్ మీద సైజు మాత్రం బరువును బట్టి ఉంటుంది. 30 నుంచి 60 కిలోలకు 3, 50 నుంచి 90కి 4, ఆ పైన 5. బరువు చూసి చెప్పుల సైజు ఇచ్చినట్టే ఇది. పొట్టిగా ఉండి 70 కిలోలున్న మా ఊరి ఆడమనిషికి 4 అని చెబుతుంది. ఆరడుగులుండి 49 కిలోలున్న నాపరాళ్ల గని కూలీకి 3 అంటుంది. ఒంటి కొవ్వు గొంతు పొడవును పెంచదు. అందుకే నేను ఎత్తూ, దవడా, మెడా చూసుకుని పట్టికను పక్కనపెట్టిన రోజులు చాలా ఉన్నాయి. ట్యూబు విషయంలోనూ అంతే. ఆడవాళ్లకు పళ్ల దగ్గర 21 సెంటీమీటర్ల గుర్తు అని పుస్తకం చెబుతుంది. పొట్టివాళ్లకు అక్కడ ఆపితే ట్యూబు కుడి ఊపిరితిత్తి గొట్టంలోకి జారి ఎడమ వైపు గాలి అందదు. రెండు వైపులా స్టెతస్కోపు పెట్టి విని పైకి లాగుతాం.

మా ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. గుట్కా, ఖైనీ నమిలి నమిలి బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు రెండు వేళ్లు కూడా పట్టనంత మూసుకుపోయినవాళ్లు యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి తరచుగా వస్తారు. మాస్కు ఎంత గొప్పదైనా పళ్ల మధ్య దూరకపోతే ఏం లాభం? ఇలాంటి నోళ్ల కొలతలు తెలిస్తే, ఇంకా పలచగా ముడుచుకుని లోపలికి వెళ్లాక విచ్చుకునే పరికరం చేయాలన్న ఆలోచన తయారీదారుకు వస్తుంది.

స్కాన్ సర్వస్వం కాదు. అది సాధారణంగా మెలకువలో, తల తిన్నగా పెట్టి పడుకోబెట్టి తీసిన బొమ్మ. మత్తులో గొంతు వాలిపోతుంది, మేం తల వెనక్కి వంచుతాం, దవడ ముందుకు లాగుతాం. అందుకే స్కాన్ మీద గీసిన ప్రతి పరికరాన్నీ మళ్లీ కెమెరాతో బతికున్న గొంతులో సరిచూడాల్సిందే. పరికరాల కోసమని ఎవరికీ, ముఖ్యంగా పిల్లలకు, సీటీ రేడియేషన్ ఇవ్వకూడదు కూడా.

ఇవ్వాల్సిన అవసరమూ లేదు. రోడ్డు ప్రమాదాల్లో మెడకు దెబ్బ తగిలిందేమోనని తీసే సీటీలు చాలు. వాటిలో ఎన్నో ఏ రోగమూ లేని మామూలు గొంతులే. రిపోర్టు రాసిన తర్వాత ఆ ఫైళ్లు కంప్యూటర్లలో పడి ఉంటాయి. కడప రిమ్స్ లాంటి కాలేజీలు రోగి అనుమతితో, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోలుతో, పేర్లు తీసేసి ఆ కొలతలను ఎత్తు, వయసుతో కలిపి భద్రపరిస్తే మన గొంతుల పట్టిక మనకు ఉంటుంది. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకే కట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది, అక్కడ త్రీడీ ప్రింటింగ్ సదుపాయమూ ఉంది. కొలతలు ఇచ్చేవాళ్లు, పరికరం చేసేవాళ్లు ఒకే రాష్ట్రంలో ఉన్నారు. పీజీ విద్యార్థులు థీసిస్‌కు విషయం వెతుక్కునేటప్పుడు దీన్ని తీసుకోవాలని నా కోరిక.

చదివేవాళ్లకు ఒక మాట. ఎప్పుడైనా మెడకో తలకో స్కాన్ తీయిస్తే ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. కొలతలన్నీ ఉండేది దాంట్లోనే. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా దాన్ని మత్తు డాక్టరుకు చూపండి. ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ట్యూబు వేయడం కష్టమైందని ఎవరైనా చెప్పి ఉంటే, రాత్రి గట్టిగా గురక పెడుతుంటే, పళ్లు కదులుతుంటే, గుట్కా అలవాటుంటే దాచకుండా చెప్పండి.