దెయ్యమా? ఫ్యానా?

రాత్రి రెండింటికి హాస్టల్ గదిలో ఒంటరిగా చదువుకుంటుంటే పక్కన ఎవరో నిలబడినట్టు అనిపించిందనుకోండి. పొద్దున్నే ఈ మాట చెబితే ఒకడు ‘ఆ రూములో ఏదో ఉందిరా’ అంటాడు. ఇంకొకడు ‘అంతా నీ భ్రమ’ అని కొట్టిపారేస్తాడు. ఇద్దరు చెప్పిందీ అభిప్రాయమే. ఎవరూ ఏదీ పరీక్షించి చూడలేదు కదా!

బ్రిటన్ ఇంజినీర్ విక్ టాండీకి ఇలాంటి అనుభవమే ఎదురైంది. వైద్య పరికరాలు తయారుచేసే ల్యాబ్‌లో ఓ రాత్రి ఒక్కరే పనిచేస్తుంటే చెమటలు పట్టాయి. కంటి చివర బూడిదరంగు ఆకారం కనిపించింది. తిరిగి చూస్తే ఏమీ లేదు! మర్నాడు కత్తిసాము పోటీ కోసం తన కత్తిని వైస్‌లో బిగించారు. కాసేపటికి దాని కొన దానంతటదే ఊగసాగింది.

ఆయన పారిపోలేదు. వైస్‌ను గదిలో అటూ ఇటూ జరిపి చూశారు. మధ్యలో ఊపు ఎక్కువ, చివరలకు వెళ్లేకొద్దీ తక్కువ. అంటే గదిలో స్థిర తరంగం ఏర్పడింది. కారణం కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్. దాని బిగింపు మార్చగానే తరంగం పోయింది. గది పొడవు సుమారు 9 మీటర్లు, తరంగదైర్ఘ్యం దానికి రెట్టింపు. ధ్వని వేగం 343ని 18తో భాగించండి: దాదాపు 19 హెర్ట్జ్. మన చెవికి వినపడని శబ్దం అది. 1998లో ఆయన టోనీ లారెన్స్‌తో కలిసి దీనిపై పేపర్ ప్రచురించారు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. కత్తి ఊగడానికి ఫ్యానే కారణమనడానికి ఆధారం ఉంది. మరి ఆకారం కూడా ఆ శబ్దం వల్లే కనిపించిందా? అది ఊహ మాత్రమే. 2009లో ప్రచురితమైన లండన్ పరిశోధనలో 79 మందిని ఒక్కొక్కరిగా ఓ ప్రత్యేక గదిలో ఉంచారు. చాలామందికి వింత అనుభూతులు కలిగాయి. కానీ అలాంటి శబ్దం ఉన్నా, లేకున్నా తేడా కనిపించలేదు. వినడానికి సైన్సులా ఉన్నంత మాత్రాన అది ఆధారం అయిపోదు.

ఇంటర్వ్యూలోనూ ఇంతే. ‘మీ ప్రాజెక్టులో యాప్ ఎందుకు స్లో అయింది?’ అని అడిగితే ‘నెట్‌వర్క్ వల్ల అనుకుంటా సర్’ అనేది అభిప్రాయం. ‘నెట్‌వర్క్ మార్చి చూశాం, తేడా లేదు. ఒక క్వెరీ తీసేస్తే వేగం పెరిగింది. ఆ క్వెరీ ఎందుకు ఆలస్యమైందో ఇంకా తేల్చలేదు’ అనేది ఆధారంతో చెప్పే జవాబు. ఆ చివరి వాక్యం చెప్పడానికి మొహమాటపడకండి. ఎంతవరకు తెలుసో గీత గీసి చెప్పగలిగినవారి మాటనే ఎదుటివారు నమ్ముతారు.