గీత గీస్తే రెండు బండలు కావు

తాండూరులో నాపరాయి పని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు: ఒక బండ మీద సుద్దతో గీత గీస్తే అది రెండు బండలు కాదు. ఇంట్లో కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ మాట మరిచిపోతాం. "ఫొటోలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, విండోస్ పోయినా ఏం కాదు" అనే ధీమా వికారాబాద్‌లోనూ తాండూరులోనూ, ఆ మాటకొస్తే అన్ని ఊళ్లలోనూ వినిపించేదే. అందులో సగమే నిజం. విండోస్ పాడై సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినా డి మిగులుతుంది. డిస్కే పోతే మాత్రం రెండూ పోతాయి. చాలా కంప్యూటర్లలో సి, డి అనేవి ఒకే డిస్కు మీద గీసిన గీతకు అటూ ఇటూ ఉన్న భాగాలే. అనుమానముంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ 0 అన్న ఒక్క వరుసలోనే సి, డి పక్కపక్కన కనిపిస్తే ఇంట్లో ఉన్నది ఒక్కటే డిస్కు. రెండో హార్డ్ డిస్కు కొనాల్సింది జాగా చాలక కాదు, ముందుగా ఇందుకు.

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. సమాచారం చదివే హెడ్ వాటిని తాకకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. వెంట్రుక మందాన్ని పదివేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమంత ఎడం! పాలిషింగ్ యూనిట్ల దగ్గర లేచే రాతిపొడి డిస్కు లోపలికి నేరుగా పోదు, గాలి రంధ్రానికి ఫిల్టర్ ఉంటుంది. కానీ ఆ పొడి ఫ్యాన్ రెక్కలకూ, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ జాలీకీ పట్టి గాలి ఆడనివ్వదు, క్యాబినెట్ లోపల వేడి పెరుగుతుంది. గాలివానకు కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆ దెబ్బ వేరే. లక్షల డ్రైవ్‌లు నడిపే అమెరికా కంపెనీ బ్యాక్‌బ్లేజ్ 2023 లెక్కల్లో ఏడాదికి పాడైనవి సుమారు 1.4 శాతం. చల్లగా ఉంచి, కంటికి రెప్పలా చూసుకునే డేటా సెంటర్ల సంఖ్య అది. వందకు ఒకటో రెండో కదా అనిపించవచ్చు. కంపెనీ దగ్గర ఒకటి పోతే ఇంకా లక్షలున్నాయి, మన ఇంట్లో ఉన్నదే ఒక్కటి.

పోయేదేమిటో కూడా ఆలోచించాలి. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా ఏర్పడక ముందు తీసుకున్న సర్టిఫికెట్ల మీద రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది. వాటి స్కాన్ పోయినా బీరువాలో కాగితం ఉంది, మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు. స్టూడియో వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పెళ్లి ఫొటోలకూ, ఇప్పుడు లేని తాతయ్య గొంతు వినిపించే వీడియోకూ కాగితం లేదు. ఇంటి కంప్యూటర్లోనే ట్యాలీ నడిపే కందుల వ్యాపారికి ఇది చట్టంతో ముడిపడిన విషయం కూడా. వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల దాకా లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం అంటుంది. మామూలు హార్డ్ డిస్కులకు కంపెనీలు ఎక్కువగా ఇచ్చే వారంటీ రెండు మూడేళ్లే. పైగా వారంటీలో కొత్త డిస్కు ఇస్తారు గాని పోయిన లెక్కలు ఇవ్వరు.

రెండో డిస్కు బిగించడం కష్టం కాదు. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కితే మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకాకే డిస్కును పట్టుకోండి. ఖాళీ అరలోకి తోసి, రెండు పక్కలా స్క్రూలు బిగించాలి, వదులుగా ఉంటే అదురుతుంది. సాటా కేబుళ్లు రెండు: సన్నది మదర్‌బోర్డుకు, వెడల్పుది ఎస్‌ఎంపీఎస్ నుంచి. రెండింటి మూతికీ చిన్న మలుపు ఉంటుంది, అది కుదిరిన వైపే ఎక్కుతుంది, బలవంతం చేస్తే విరుగుతుంది. ఇక తెర మీద పని. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త డిస్కు నల్ల పట్టీతో, అన్‌అలొకేటెడ్ అని కనిపిస్తుంది. ఇక్కడే తొందరపడకూడదు. సైజు చూసి, అది కొత్తదేనని తేల్చుకున్నాకే ఇనీషియలైజ్ నొక్కాలి. పాత ఎంబీఆర్ పద్ధతి 2 టీబీ దాటిన డిస్కును పూర్తిగా వాడుకోలేదు కాబట్టి జీపీటీ ఎంచుకోండి. తర్వాత న్యూ సింపుల్ వాల్యూమ్, ఎన్‌టీఎఫ్ఎస్. పేరు తెలుగులోనే 'నకలు' అని పెట్టవచ్చు, విండోస్ ఒప్పుకుంటుంది. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనిపిస్తే మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1,024తో. చివరగా కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీని ఆన్ చేసి ఈ డ్రైవ్‌ను చూపిస్తే, మారిన ఫైళ్ల నకళ్లు గంటకోసారి అందులో చేరతాయి. డి లోని ఫోల్డర్లను అది దానంతటదే చూసుకోదు, మనమే చేర్చాలి. చాలామంది ఈ ఒక్క మెట్టు వదిలేసి, కొత్త డిస్కు నిండా సినిమాలు నింపుతారు. అప్పుడు డిస్కులు రెండైనా ఫొటోలు ఒక్కచోటే మిగులుతాయి.

గూగుల్ ఉండగా ఇదంతా ఎందుకనవచ్చు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ మెయిల్‌తో కలిపి. ఒక్క పెళ్లి వీడియోకే చాలకపోవచ్చు. తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే చాలదా అంటే, విండోస్‌కు అది తప్పకుండా మేలు. అయితే అదీ పాడవుతుంది, చాలాసార్లు ముందు చప్పుడైనా చేయదు. అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది: రెండు డిస్కులూ ఒకే డబ్బాలో ఉంటే పిడుగుపాటుకో దొంగతనానికో రెండూ పోవా? ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్ వస్తే రెండింటినీ పట్టదా? నిజమే, పోతాయి, పడుతుంది. లోపలి డిస్కు కాపాడేది డిస్కు చెడిపోవడం నుంచి, చేజారి చెరిపిన ఫైళ్ల నుంచి. మిగతా వాటికి మూడో నకలు బయటుండాలి. పాత పోర్టబుల్ డిస్కు ఉన్నా సరిపోతుంది, నకలు తీశాక కంప్యూటర్ నుంచి ఊడదీసి ఉంచాలి. వికారాబాద్ జంక్షన్‌లో రైలెక్కితే గంటలోపే తాండూరు. పండక్కి చెల్లెలింటికి వెళ్లేటప్పుడు మీ డిస్కు ఆమె బీరువాలో పెట్టి రండి, ఆమెది మీ ఇంటికి తెచ్చుకోండి.