పదప్రహేళికలో ఒక మూలకము

పత్రికలోని పదప్రహేళికలో 'ద్రవరూపమున నుండు లోహము, ఐదక్షరములు' అని యున్న మనము 'పాదరసము' అని పూరింతుము. 'ఇతర మూలకములతో మిక్కిలి చురుకుగా కలియునది' అను ఆధారమునకు సమాధానము ఫ్లోరిన్. ఈ గుణముచేతనే అది ప్రకృతిలో ఒంటరిగా నుండక, శిలలలో ఫ్లోరైడుగా నిలిచి, బావినీటిలో కరగును. నీట కరిగినపుడు దానిని రంగు, రుచి, వాసనలచే గుర్తింపలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది మించిన నీటిని పసితనమునుండి త్రాగినచో దంతములపై మచ్చలు పడును. మిక్కిలి హెచ్చినచో ఏండ్లు గడచినకొలది కీళ్లు బిగియును, ఎముకలు వంగును. నాటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని 1937లో వైద్యులు వెల్లడించిరి. నీటిని కాచినను ఫ్లోరైడు తొలగదు. కావున ప్రహేళికను పూరించి ఊరకుండక, మన బావినీటిని పరీక్ష చేయింతము.